దుఃఖము కళకు మూలమా?

మనోవ్యథను దాచుకొనవలెనా, పదిమందికి చూపవలెనా? పీడకలలను, దిగులును బొమ్మలుగా వ్రాసి గోడకు తగిలించుట మేలా, కీడా? నార్వే దేశపు చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ జీవితమును పరికించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

1863లో జన్మించిన మూంక్ ఐదేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. ఆమెను క్షయవ్యాధి బలిగొనెను. 1877లో అదే వ్యాధి అక్క సోఫీని కొనిపోయెను. ఒక చెల్లెలు మతి చలించి వైద్యశాల పాలయ్యెను. బాల్యమున చూచిన మరణశయ్యలనే యతడు పెద్దవాడైన పిదప మరల మరల చిత్రించెను. 1893లో వ్రాసిన ‘కేక’ అను చిత్రమున ఎఱ్ఱని ఆకాశము క్రింద ఒక ఆకృతి చెవులు మూసికొని నోరు తెఱచి నిలుచున్నది. ఒక సాయంకాలము నడచుచుండగా ప్రకృతినంతటిని చీల్చుకొని పోవు కేక తనకు తోచెనని అతడే వ్రాసికొనెను.

ఆ చిత్రముపై పెన్సిలుతో, మిక్కిలి చిన్న అక్షరములతో ఒక వాక్యము కలదు. పిచ్చివాడు మాత్రమే దీనిని వ్రాయగలడని దాని భావము. చూడవచ్చిన వారెవరో ఎగతాళికి వ్రాసిరని పలువురు తలచిరి. 2021లో నార్వే జాతీయ సంగ్రహాలయమువారు పరిశీలించి, అది మూంక్ చేతివ్రాతయే అని తేల్చిరి. తన బుద్ధిని లోకులు శంకింపగా, ఆ నిందను తన చిత్రముపై తానే వ్రాసికొనిన మనస్సు ఎంత నొచ్చినదో కదా!

ధర్మసూక్ష్మ మిచ్చటనే కలదు. వ్యాధియు భయమును లేకున్నచో తాను చుక్కాని లేని నావ వంటివాడనని మూంక్ తలచెను. అది నిజమైనచో చికిత్స కళకు శత్రువు కావలెను. కాని 1908లో మద్యపానముచేత, మనోవ్యథచేత క్రుంగి, భ్రమలు కలుగగా, అతడు కోపెన్‌హాగెన్ నగరమున ఒక వైద్యుని ఆశ్రయించి, సుమారు ఎనిమిది నెలలు చికిత్స పొందెను. 1909లో స్వదేశమునకు మరలెను. కుంచె ఆగలేదు. నేడు ఓస్లో అనబడు నగరములోని విశ్వవిద్యాలయ సభామందిరమునకు ఉదయభానుని మహాచిత్రమును వ్రాసెను. 1944లో మరణించువరకు, దాదాపు ముప్పదియైదేండ్లు, చిత్రించుచునే యుండెను. తొలి చిత్రముల తీవ్రత తరువాతి వానిలో లేదని కొందరందురు. అట్లే అగుగాక! చిత్రపు తీవ్రతకై మనుష్యుని ప్రాణమును ఒడ్డుట ధర్మము కాదు.

కావున దుఃఖమే కళ యనుట పొరపాటు. దుఃఖించువారు కోట్లమంది కలరు. దానిని ఎదుట నిలుపుకొని, ఓర్పుతో చూచి, చేతిపనిగా మలచినవారు కొందరే. అట్టి చిత్రమును చూచిన బాధితునకు, ఈ చీకటిలో నడచినవాడను నేనొక్కడనే కానను ఊరట కలుగును. ఇది మేలే.

మన యిండ్లలో ఒక బిడ్డ నల్లని భయంకరమైన బొమ్మలు వ్రాసినచో, అశుభమని చించివేయరాదు. అద్భుతమని పొగడి ఊరకుండుటయు తగదు. చెంత కూర్చుండి, నాయనా, ఏమి చూచితివి, రాత్రి నిద్ర పట్టుచున్నదా అని అడుగవలెను. అవసరమైనచో వైద్యుని కడకు కొనిపోవలెను. బొమ్మను గౌరవించుట, వ్రాసినవానిని కాపాడుకొనుట, రెండును పెద్దల విధులే.