పదునారు మెట్లు

మారిషస్ దీవిలో, పోర్ట్ లూయీ రేవున ఆప్రవాసీ ఘాట్ అను వలస స్మారకము గలదు. 1834 మొదలు 1920 వరకు ఇంచుమించు 5 లక్షల భారతీయ ఒప్పంద కూలీలు అచ్చట దిగిరి. వారిలో తెలుగువారును గలరు. ఆ రేవు 16 మెట్లను చూడవచ్చిన పిల్లలు ఆటగా లెక్కింతురు. "వీరు ఊరెందుకు విడిచిరి?" అని అడిగినచో పెద్దలేమి చెప్పవలెను?

మార్వాడమునుండి వేలూరు, గుడియాత్తములకు వచ్చిన జైన కుటుంబములకు వలస కథ గర్వకారణము. వారు వ్యాపారము వెదకుచు వచ్చిరి. ఓడ యెక్కినవారిలో పెక్కురను కరవును, అప్పును తరిమినవి. ఈ భేదమును పిల్లలకు దాచరాదు.

అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అతిభారారోపణ మొకటి. ఎద్దుపై మోయలేని బరువు మోపుట తప్పైనచో, మనిషిపై మోయలేని వడ్డీ మోపుట ఒప్పెట్లగును? ఆ మెట్లయొద్ద పిల్లలకు చెప్పదగినది ఇదియే. అంగడిలో పెద్దలు ఆచరించి చూపదగినదియు ఇదియే.