మనవాడు గెలవాలి

2024 ఏప్రిల్ 14, బీజింగ్ హాఫ్ మారథాన్. ముగింపు గీత ఇంకాస్త దూరం ఉందనగా నలుగురు ఒకే గుంపుగా వస్తున్నారు. కెన్యా నుంచి విల్లీ మ్నంగట్, రాబర్ట్ కీటర్, ఇథియోపియా నుంచి దెజెనె హైలు, నాలుగోవాడు చైనాకి చెందిన హె జీ. ఆఫ్రికన్లలో ఒకడు పక్కకి చూశాడు, గీత వైపు చెయ్యి చాపాడు, నువ్వు పద అన్నట్టు సైగ చేశాడు. ముగ్గురి అడుగులూ నెమ్మదించాయి. హె జీ 1 గంట 3 నిమిషాల 44 సెకన్లకి గీత దాటాడు. ముగ్గురూ ఒక్క సెకను వెనక. పరుగు పందేల సంగతి తెలియకపోయినా, ఎప్పుడైనా కదిలే బస్సు వెంట పరిగెత్తినవాళ్ళకి కూడా ఆ వీడియో చూస్తే విషయం బోధపడుతుంది.

హె జీ ఎక్స్‌టెప్ అనే చైనా బూట్ల కంపెనీ తరఫున పరిగెత్తేవాడు. పోటీ నిర్వహణలో భాగస్వామి కూడా ఆ కంపెనీయే. అతను చైనా జాతీయ రికార్డు బద్దలు కొట్టడానికి సాయంగా, వేగం పట్టే నలుగురు పేసర్లు ఆ కంపెనీ తరఫున వచ్చారని, వాళ్ళలో ఒకడు మధ్యలోనే ఆగిపోయాడని విచారణలో తేలింది. మిగతా ముగ్గురి ఛాతీ మీది చీటీల్లో పేసర్ అన్న మాటే లేదు. పోటీదారుల్లాగే సొంత పేర్లున్నాయి. హె జీతో కలిపి నలుగురి ఫలితాలూ రద్దయ్యాయి, పతకాలూ ప్రైజ్ మనీ వెనక్కి పోయాయి.

పేసర్‌గా కుదరడం తప్పేమీ కాదు. బెర్లిన్, లండన్ లాంటి పెద్ద మారథాన్లలో డబ్బు తీసుకుని ముందుండి వేగం పట్టేవాళ్ళుంటారు, చాలావరకు 30 కిలోమీటర్ల దగ్గర పక్కకి తప్పుకుంటారు. బీజింగ్‌లో చెడింది వేరే. కూలికి వచ్చినవాణ్ణి పోటీదారుగా చూపించి, వాడి మీద గెలిచినట్టు ఒక బొమ్మ తయారుచేశారు. ఆఫ్రికన్లని ఓడించిన చైనీయుడు అనే బొమ్మ. బూట్లు అమ్ముకోవడానికి అంతకంటే మంచి బొమ్మ ఏముంటుంది?

ఇలాంటి సైగే అంతకు మూడేళ్ళ ముందు సప్పోరోలో కనిపించింది. టోక్యో ఒలింపిక్స్ మారథాన్ అక్కడే జరిగింది, 2021 ఆగస్టు 8న. ఆఖరి మలుపు తిరిగాక నెదర్లాండ్స్ రన్నర్ అబ్ది నగీయె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, రా రా అని చేత్తో పిలుస్తున్నాడు. వెనకున్నది బెల్జియం రన్నర్ బషీర్ అబ్ది. ఇద్దరూ సొమాలియాలో పుట్టినవాళ్ళు, చిన్నతనంలోనే అక్కణ్ణుంచి వచ్చేసినవాళ్ళు, కలిసి సాధన చేసే మిత్రులు. మధ్యలో ఉన్న కెన్యా రన్నర్ లారెన్స్ చెరోనోని దాటుకుని ఇద్దరూ వచ్చారు, ఒకరికి వెండి, ఒకరికి కంచు. ఆ సైగకి ఎవరూ డబ్బు కట్టలేదు.

దూరపు పరుగుకి ఉన్న గొప్పతనమల్లా గడియారమే అనుకుంటాం. న్యాయనిర్ణేతల మార్కులుండవు, సెలక్టర్ల దయ అక్కర్లేదు, ముందు దాటినవాడు గెలిచినట్టు. ఆటలన్నిటిలోకీ రంగు, పుట్టుక, భాష అడగనిది ఇదేనని చెప్పుకుంటాం. గీత దాటేదాకా అది నిజమే. దాటాక లెక్క మారుతుంది. అక్కణ్ణుంచి డబ్బు నడుస్తుంది, డబ్బు గడియారం చూడదు. వీడు ఎవరి మనిషి అని చూస్తుంది.

వృత్తిగా పరిగెత్తేవాడికి రాబడి మూడు దారుల్లో వస్తుంది: ప్రైజ్ మనీ, పోటీకి వచ్చినందుకు నిర్వాహకులిచ్చే సొమ్ము, బూట్ల కంపెనీ కాంట్రాక్ట్. మొదటిది అందరికీ తెలుస్తుంది. మిగతా రెండూ చీకట్లో ఉంటాయి. కాంట్రాక్టుల్లో గోప్యత షరతులుంటాయి కనుక ఒకే సమయానికి పరిగెత్తిన కెన్యా రన్నర్‌కి ఎంత, అమెరికన్‌కి ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూసే వీల్లేదు. 2016లో నైకీ కంపెనీ 800 మీటర్ల రన్నర్ బోరిస్ బెరియన్ మీద దావా వేసినప్పుడు మాత్రం కాగితాలు బయటికొచ్చాయి. న్యూ బ్యాలెన్స్ అతనికి ఏడాదికి లక్షా 25 వేల డాలర్లు ఇస్తానన్నదని లోకానికి అలా తెలిసింది. కోర్టుకెక్కితే తప్ప తెలియని జీతాలివి.

ఈ చీకట్లో ఎవరూ రంగు అన్న మాట వాడరు. మార్కెట్ అంటారు, కథ అంటారు, జనం అతనిలో తమని తాము చూసుకోవాలి అంటారు. బూట్లు కొనేది అమెరికా, యూరప్, జపాన్, చైనాల్లోని ఔత్సాహికులు. కాబట్టి గెలిచేవాడు వాళ్ళ పోలికల్లో ఉంటే మేలు. ఇంత మెత్తగా చెప్పిన మాటలో తప్పు పట్టుకోవడం కష్టం, అందుకే అది ఇన్నేళ్ళు నిలిచింది.

ఈ వ్యవహారానికి చరిత్ర ఉంది. 1980ల మొదటి దాకా అమెచ్యూర్ నిబంధనల పేరుతో రన్నర్లకి డబ్బు నేరుగా ముట్టేది కాదు. బోస్టన్ మారథాన్‌లో ప్రైజ్ మనీ 1986లో మొదలైంది. రెండేళ్ళకే, 1988లో, కెన్యాకి చెందిన ఇబ్రహీం హుస్సేన్ అక్కడ గెలిచిన మొదటి ఆఫ్రికన్ అయ్యాడు. 1991 నుంచి 2000 దాకా పదేళ్ళూ పురుషుల విజేత కెన్యావాడే. తలుపు తెరిచిన మరుక్షణం ఎవరో లోపలికొచ్చేసి కుర్చీలన్నీ ఆక్రమించారన్నట్టు కొందరు గొణిగారు. అందరూ ఒకేలా ఉంటారు, పేర్లు నోరు తిరగవు, టీవీ ముందు జనం కూర్చోరు అన్నారు. కొలరాడోలోని బోల్డర్ బౌల్డర్ పరుగు 1998 నుంచి దేశానికి ముగ్గురేసి జట్టు అన్న పద్ధతికి మళ్ళింది.

కథల్లేవన్న మాట మాత్రం అబద్ధం. 1993 నుంచి వరసగా మూడేళ్ళు బోస్టన్ గెలిచిన కాస్మస్ ఎన్‌దెటి, మొదటి గెలుపు సమయానికి పుట్టిన కొడుక్కి గిడియన్ బోస్టన్ అని పేరు పెట్టుకున్నాడు. ఊరి పేరు బిడ్డకి పెట్టుకున్న విజేతలో కథ దొరకలేదంటే వెతికినవాడి కళ్ళనే అనుమానించాలి.

మెబ్ కెఫ్లెజిగిది ఇంకో రకం కథ. 1975లో ఎరిత్రియాలో పుట్టాడు. యుద్ధం నుంచి తప్పించుకుని ఆ కుటుంబం ఇటలీ మీదుగా 1987లో శాన్ డియెగో చేరింది. పరుగు అక్కడి బడిలోనే నేర్చుకున్నాడు, 1998లో పౌరసత్వం తీసుకున్నాడు, 2004లో ఏథెన్స్‌లో అమెరికాకి వెండి పతకం తెచ్చాడు. 2009లో న్యూయార్క్ మారథాన్ గెలిచాడు. 1982 తర్వాత అక్కడ గెలిచిన మొదటి అమెరికన్ పురుషుడు. మర్నాడే సీఎన్‌బీసీ వ్యాఖ్యాత ఒకాయన, ఇది డొల్ల గెలుపు, ఇతను ఇక్కడ పుట్టినవాడు కాదుగా అన్న ధోరణిలో రాశాడు. గొడవయ్యాక క్షమాపణ చెప్పాడనుకోండి. పన్నెండేళ్ళ వయసులో వచ్చి, ఇక్కడి టీచర్ల దగ్గర పరుగెత్తడం నేర్చుకున్నవాడు కూడా అరువు తెచ్చుకున్న మనిషేనన్నమాట.

2011లో నైకీ అతని కాంట్రాక్ట్ కొనసాగించలేదు. ఒలింపిక్ పతకం, న్యూయార్క్ కిరీటం ఉన్న రన్నర్ కొన్ని నెలలు బూట్ల కంపెనీ లేకుండా తిరిగాడు. వయసు మీద పడుతోంది కదా అని కంపెనీ లెక్కవేసి ఉండొచ్చు, ఆ లెక్క పూర్తిగా అన్యాయమనీ అనలేం. చివరికి తీసుకున్నది స్కెచర్స్. నడక బూట్లకి పేరుపడ్డ కంపెనీ, పరుగు లోకంలో ఎవరూ సీరియస్‌గా తీసుకోని పేరు. ఆ బూట్లతోనే 2012లో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ గెలిచాడు, లండన్‌లో నాలుగోవాడయ్యాడు. 2014 ఏప్రిల్‌లో, బాంబు పేలుళ్ళు జరిగిన మరుసటి ఏడు, బోస్టన్‌లో 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లకి గీత దాటాడు. రెండోవాడికీ అతనికీ 11 సెకన్ల తేడా. అంతకుముందు ఏడు పోయిన నలుగురి పేర్లూ నంబరు చీటీ నాలుగు మూలలా తనే రాసుకున్నాడు. ఆ రోజు దేశమంతా అతన్ని మావాడు అంది. 2009కీ 2014కీ మధ్య అతని పుట్టుక మారలేదు.

పుట్టుక చూసి మనిషిని లెక్కగట్టే ఈ లక్షణం అమెరికన్లకే ఉందనుకుంటే పొరపాటు. 2013లో నీనా దావులూరి మిస్ అమెరికా అయినప్పుడు, ఈమె అమెరికన్ ఎలా అవుతుందని అక్కడ కొందరు ట్విటర్‌లో విరుచుకుపడ్డారు. అదే వారం విజయవాడ చుట్టాల ఆనందం మన పేపర్లలో వచ్చింది, తెలుగమ్మాయి అని చంకలు గుద్దుకున్నాం. ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో. వాళ్ళు కాదన్నదీ, మనం ఔనన్నదీ ఒకే కొలతతో, రక్తంతో. మన చేతిలో ఆ కొలబద్ద మురిపెంగా ఉంటుంది, అంతే.

మనవాణ్ణి డబ్బిచ్చి తెచ్చుకోవడమూ జరిగింది. 2003లో కెన్యా స్టీపుల్‌చేజ్ రన్నర్ స్టీఫెన్ చెరోనో ఖతార్‌కి మారి సైఫ్ సయీద్ షహీన్ అయ్యాడు. అదే ఏడు పారిస్‌లో ప్రపంచ విజేత. ఆ ఫైనల్లో కెన్యా చొక్కాతో అతని అన్న అబ్రహాం చెరోనో కూడా పరిగెత్తాడు. ఒకే తల్లి బిడ్డలు, రెండు జెండాలు. కెన్యా ఒప్పుకోకపోవడంతో షహీన్ 2004 ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయాడు. అక్కడ ఆ పోటీలో మూడు పతకాలూ కెన్యావాళ్ళే పట్టుకుపోయారు.

తలుపు మూసెయ్యడానికి దయని కూడా సాకుగా వాడొచ్చు. 2019 ఏప్రిల్ చివర ఇటలీలోని త్రియెస్తె హాఫ్ మారథాన్ నిర్వాహకులు ఈసారి యూరప్ వాళ్ళనే పిలుస్తాం, ఆఫ్రికన్లని పిలవం అన్నారు. కారణం? ఏజెంట్లు వాళ్ళని దోచుకుంటున్నారట, ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వెయ్యడానికట. దోపిడీ ఉన్నమాట నిజమే. ప్రైజ్ మనీలో సాధారణంగా 15 శాతం ఏజెంటుకి పోతుంది, చిన్న పోటీలో వచ్చిందాంట్లో ప్రయాణం, బస ఖర్చులు పోగా ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు. దానికి మందు ఏజెంటుని నిలదీయడం, పారితోషికం నేరుగా రన్నర్ ఖాతాలో వెయ్యడం. దోచుకోబడుతున్నవాడికి పనే లేకుండా చెయ్యడం కాదు. గగ్గోలు పుట్టేసరికి నిర్వాహకులు వెనక్కి తగ్గారు.

జపాన్ ఇంకో దారి పట్టింది. హకోనె ఎకిడెన్ రిలేలో యూనివర్సిటీ జట్టు తరఫున విదేశీ విద్యార్థి ఒక్కడే పరిగెత్తాలి. అయితే రాసిపెట్టిన నియమం అది, అందరికీ ముందే తెలుసు. పైగా ఆ దేశమే కెన్యా కుర్రాళ్ళని స్కూలు వయసులో తెచ్చి చదివించింది, కంపెనీ జట్లలో జీతమిచ్చింది. సెండాయ్‌లో హైస్కూలు చదివిన శామ్యూల్ వంజిరు 2008 బీజింగ్ ఒలింపిక్స్ మారథాన్‌ని 2 గంటల 6 నిమిషాల 32 సెకన్లలో గెలిచి, కెన్యాకి ఆ పోటీలో మొదటి బంగారు పతకం తెచ్చాడు.

అమెరికాలో పుట్టిపెరిగిన నల్లవాళ్ళకైనా ఈ ఆటలో చోటు దొరికిందా అంటే, అదీ అంతంతే. న్యూయార్క్ రోడ్ రన్నర్స్ సంఘానికి 1958లో మొదటి అధ్యక్షుడు టెడ్ కార్బిట్ నల్లజాతివాడు, 1952 హెల్సింకి ఒలింపిక్స్ మారథాన్‌లో పరిగెత్తినవాడు. రోడ్డు మీది పరుగు దూరాన్ని సరిగ్గా కొలిచే పద్ధతిని అమెరికాకి అలవాటు చేసినవాడు. ఆటకే కొలత నేర్పిన మనిషి పేరు ఆ ఆట బూట్లు కొనేవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

కథ కుదరదన్న వాదనకి అసలు జవాబు 2019 అక్టోబరు 12న వియన్నాలో దొరికింది. ఎలియుడ్ కిప్చోగె మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. డబ్బు ఇనియోస్ అనే రసాయనాల కంపెనీది, బూట్లు నైకీవి. వేగం పట్టడానికి 41 మంది పేసర్లు, వాళ్ళలో నార్వే ఇంగెబ్రిగ్ట్‌సెన్ సోదరులు ముగ్గురూ ఉన్నారు. కెన్యావాడి కోసం తెల్లవాళ్ళు గాలికి అడ్డంగా పరిగెత్తారు, అదంతా బహిరంగంగా, పేరు పెట్టి మరీ. పేసర్లు వంతులు మార్చుకుంటూ పరిగెత్తారు కనుక రికార్డు పుస్తకాల్లోకి ఎక్కలేదు, ఎక్కుతుందని ఎవరూ చెప్పనూ లేదు. ఆ పేరు మాత్రం నోరు తిరగనివాళ్ళంతా నేర్చుకున్నారు. కంపెనీ ఖర్చు పెట్టాలనుకుంటే కథ కుదురుతుంది.

ఇప్పుడు ఖర్చు ఇంకో వైపు కూడా మళ్ళింది. 2025 సెప్టెంబరులో బెర్లిన్ గెలిచిన కెన్యా రన్నర్ సబాస్టియన్ సావె, పోటీకి ముందు తనకి అదనంగా డోపింగ్ పరీక్షలు చెయ్యమని తనే అడిగాడు. ఆ ఖర్చుకి అడిడాస్ 50,000 డాలర్లు కట్టింది. కెన్యా రన్నర్లు వందమందికి పైగా నిషేధాలకి గురయ్యారు, అనుమానం ఊరికే పుట్టలేదు. అయినా ఒక్కడి రక్తానికి కంపెనీ జామీను కట్టాల్సి రావడం కొత్త సంగతి. ఆ రోజు రెండోవాడికంటే అతను దాదాపు 4 నిమిషాలు ముందున్నాడు.

మన దగ్గర దూరపు రన్నర్‌కి పెద్ద దిక్కు సైన్యం, రైల్వే. అవినాశ్ సాబ్లే సైనికుడు, సుధా సింగ్ రైల్వేలో ఉద్యోగం చేసింది. ముంబై మారథాన్‌లో అంతర్జాతీయ విజేతలకీ, భారతీయుల్లో ముందొచ్చినవాళ్ళకీ విడివిడి బహుమతులు, రెండూ ముందే ప్రకటిస్తారు. అందులో తప్పేమీ కనబడదు. ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు, ఎవరి సమయాన్నీ దిద్దలేదు, ఎదిగే కుర్రాడికి నాలుగు రూపాయలు దొరుకుతాయి. న్యూయార్క్, లండన్ మారథాన్ల పేర్ల ముందున్నది టీసీఎస్, ఎంతోమంది తెలుగువాళ్ళు ఉద్యోగం చేసే కంపెనీ. అక్కడ ఏటా గెలిచేవాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్ళే, మనవాడు ఒక్కడూ లేడు. దానివల్ల కంపెనీ పేరుకి వచ్చిన నష్టమేమీ కనబడలేదు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా దుకాణానికెళ్ళి కిప్చోగె వేసుకున్నటువంటి జతే చూపించమంటాడు, ధర విని కాసేపు తటపటాయిస్తాడు, చివరికి కొంటాడు. తెలుగువాడెవరైనా వేసుకున్నాడా అని అడగడు.