ఎముకల ఋణము

అడిగి పుచ్చుకొన్న దానమునకును, అడుగక తీసికొన్న దానికిని భేదమున్నదా? వృత్రాసుర సంహారమునకై దేవతలు దధీచిని యాచించిరి. ఆ మహర్షి సమ్మతించి దేహము విడిచిన పిదపనే ఆయన యెముకలు వజ్రాయుధమైనవి.

నేడు ప్రయోగశాలలలో ఎముక కణములను పెంచుచున్నారు. చదునైన పళ్లెములో పెరిగిన కణము పలుచగా పరచుకొని తన సహజస్వభావమును కొంత కోల్పోవును. అందుచే కొల్లాజెన్‌తో గాని, కాల్షియం ఫాస్ఫేటుతో గాని సన్నని రంధ్రములుగల ఆధారమును కూర్చి, కణములను అందు నాటుదురు. అచట నవి అన్ని దిక్కుల పొరుగు కణములను తాకుచు, దేహమునందువలె ఖనిజమును పేర్చుకొనును.

ఇట్టి పరిశోధనలలో విరివిగా వాడు సాస్-2 అను కణసంతతి, 1973లో ఎముక క్యాన్సరు సోకిన 11 ఏండ్ల బాలిక కణితినుండి వచ్చినది. పరిశోధన పత్రములలో ఆమె వయస్సు కనబడును, పేరు కనబడదు. అంతకుముందు 1951లో హెన్రియెట్టా లాక్స్ అను అమెరికా స్త్రీ కణములను ఆమె నడుగకయే తీసికొనిరి. పారవేయవలసిన కణితియే కదా, నష్టమేమి? అని కొందరందురు. దేహమునకు నష్టము లేకపోవచ్చును. కాని పదునొకండేండ్ల బిడ్డ దధీచివలె ఆలోచించి ఈయగలదా? ఇచ్చినవారికి తెలియని దానము, పుచ్చుకొన్నవారికి ఋణమే యగును.

ఈ విచారము మనకేల యందురేమో! తెలుగు మాట మ్రోగు పావగడ తాలూకాలో, మన వెంకటమ్మనహళ్లి యున్న ఆ నేలలో, భూగర్భజలములందు ఫ్లోరైడు మిక్కుటము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఫ్లోరైడు ఎముక ఖనిజమున చేరి దానిని దట్టము చేయునే గాని బలపరుపదు. కీళ్లు బిగియును, వెన్ను వంగును. మన దేశమున ఈ వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూచియే.

ఫ్లోరైడు ఎముక కణము నేమి చేయునో మనుష్యుని బాధింపకయే పరికించుటకు ఈ కణముల పెంపకము తోడ్పడును. అయినను పెంచిన ఎముక తునక విరిగినచోట అతుకగలదేమో గాని, వంగిన దేహమునంతను నిలబెట్టలేదు. కావున మంచినీరు సమకూర్చు ధర్మమును ఈ విద్య తొలగింపజాలదు.

పేరులేని ఆ బాలిక ఋణమును ఆమెకు తీర్చలేము. ఆమెవలెనే అడుగు శక్తిలేని పసిబిడ్డ చేతికి నిర్దోషమైన నీటిగ్లాసు నందించుటయే దానిని తీర్చు మార్గము.