ప్రారబ్ధమూ వెచ్చని నీళ్లూ

కీళ్లవాతం వచ్చినవాళ్లకి మందు కన్నా ముందు అందేది ఒక మాట. "ప్రారబ్ధం తల్లీ, అనుభవించాల్సిందే." మా పెద్దవదిన కూడా అదే అంది, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ. సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని, కర్మ సిద్ధాంతాన్ని నేను కాదనను. కానీ నొప్పి ప్రారబ్ధమైతే, దాన్ని తగ్గించుకోవాలన్న బుద్ధి ఎక్కణ్ణించి వచ్చినట్టు? అదీ ఆ ఖాతాలోదే కదా!

యోగవాసిష్ఠంలో ముముక్షు ప్రకరణం ఈ చర్చ చేస్తుంది. దైవమంటే వేరే ఏదో కాదు, మనం మునుపు చేసిన ప్రయత్నమే, ఇప్పటి ప్రయత్నం దాన్ని గెలవగలదు అని వసిష్ఠుడు రాముడికి నొక్కి చెబుతాడు. క్లాసులో ఈ మాట చెప్పడం వేరు, పొద్దున్నే ముడుచుకోని వేళ్లతో కాఫీ గ్లాసు పట్టుకుని నమ్మడం వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడుతుంది. లేచాక గంట దాటినా కీళ్లు పట్టేసే ఉంటాయి. కదిపితే నొప్పి, కదపకపోతే కండ తగ్గి కీలు మరింత బిగుస్తుంది.

అందుకే ఆస్పత్రిలో ఫిజియోథెరపీ వాళ్ల వెచ్చనీళ్ల కొలనుకి వెళ్తాను. నీళ్ల వేడి 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంచుతారు. నడుము లోతులో నిలబడితే ఒంటి బరువులో సుమారు సగమే కాళ్ల మీద పడుతుంది, ఛాతీ లోతులో మూడో వంతు. స్టీలు కమ్మీ పట్టుకుని పక్కవాటుగా మెట్లు దిగుతాను. భుజాలు మునిగేదాకా వెళ్లి, పిడికిలి విప్పుతూ మూస్తూ ఉంటాను. ఇంట్లో మెట్టెక్కనని మొరాయించే మోకాలు అక్కడ దానంతటదే తేలి వస్తుంది. చేత్తో నీటిని మెల్లగా తోస్తే మెల్లగా అడ్డుతుంది, గట్టిగా తోస్తే గట్టిగా. "నొప్పి పెరిగితే ఆగిపోండమ్మా" అంటుంది ఫిజియో అమ్మాయి. కీలు వాచి కాగుతున్న రోజుల్లో చాలా తగ్గించి చేయిస్తుంది. పైకి వచ్చేటప్పుడు చివరి మెట్ల దగ్గర ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కుతుంది. దాన్ని ఏ మాత్రమూ దాచను. జబ్బుని అదుపులో పెట్టేది నాకు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేటే. నీళ్లు ఇచ్చేది కదలిక.

ఇది భోగమా, శరీరం మీద మమకారమా అని అడిగేవాళ్లున్నారు. బదరీనాథ్‌లో తప్తకుండంలో మునిగాకే కదా దర్శనానికి వెళ్తాం. ఆ చలిలో ఒంటికి అందిన వెచ్చదనం భక్తికి అడ్డురాలేదే!

నాకు ఈ విషయంలో గురువు మేల్పత్తూరు నారాయణ భట్టతిరి. 16వ శతాబ్దపు కేరళ పండితుడు. తన గురువుగారి వాతరోగాన్ని తన మీదికి తెచ్చుకున్నాడని కథ. గురువాయూరు గుడిలో కూర్చుని రోజుకొక దశకం చొప్పున నూరు దశకాల నారాయణీయం చెప్పాడు. అంతటి వేదాంతి ఆ కావ్యాన్ని ముగించింది మోక్షం అడిగి కాదు, ఆయుష్షూ ఆరోగ్యమూ సౌఖ్యమూ కోరి. నాకు ఇంకా పెద్దదిగా కనిపించేది ఆ కథలోని మొదటి సగం. గురువు మంచానపడితే శిష్యుడు ఆయన కర్మలెక్క విప్పి చూడలేదు. ఆ నొప్పిలో నా వంతు ఏమిటి అని చూశాడు. ప్రారబ్ధమన్న మాట ఎవరి నొప్పి గురించి వాళ్లు అనుకుంటే ఓదార్పు. ఎదుటివాళ్ల నొప్పి మీద వేస్తే మాత్రం అది క్రూరత్వమే.

ఎదుటివాళ్ల నొప్పిలో మన వంతు తీర్చుకునే దారి కొత్తదేం కాదు. మన పెద్దలు సప్తసంతానాల్లో, అంటే పేరు నిలిపే ఏడు పుణ్యాల్లో, చెరువునీ చేర్చారు. పూర్వం పుణ్యం కోసం కోనేళ్లు తవ్వించినవాళ్లు దిగడానికి మెట్లు కూడా కట్టించారు. ఇప్పుడు గుడికి బంగారు తొడుగులు చేయించే దాతలు జిల్లా ఆస్పత్రిలో ఒక వెచ్చనీళ్ల కొలను, దానికి రెండు కమ్మీలు, పక్కన బట్టలు మార్చుకునే గది కట్టించవచ్చు. మా వదినది కూడా ఇదే జబ్బు. ఆమె ఊరికి దగ్గర్లో అలాంటిది ఒక్కటీ లేదు.