జోడెద్దుల నాటి వోటు

కొందరు గోత్రం చెప్పినట్టే పార్టీ పేరూ చెప్పేవారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో పాతతరం వాళ్ళని "తమరే పార్టీ?" అని అడిగితే, "మాది మొదట్నించీ కాంగ్రెసిల్లు" అనేవారు. గమనించారా, 'నేను కాంగ్రెసు' అని కాదు, 'మాది కాంగ్రెసిల్లు' అని. అది ఒక అభిప్రాయంలా వినిపించదు. పెళ్ళిసంబంధం వాళ్ళకి ఇంటిపేరు చెప్పినట్టుంటుంది.

మనం చొక్కాలు మారుస్తాం. డాక్టర్ని మారుస్తాం. నలభై ఏళ్ళుగా తాగుతున్న కాఫీపొడి మార్చినా ఎవరూ వేలెత్తి చూపరు. అదే నలభై ఏళ్ళు ఒకే పార్టీకి వోటేసిన మనిషి ఒకనాడు మరో గుర్తు మీద ముద్ర వేశాడనుకోండి, ఏదో జరగరానిది జరిగినట్టే ఉంటుంది. ఊళ్ళోవాళ్ళ సంగతి అలా ఉంచండి, ఆ మనిషికే అలా ఉంటుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూచుని, పెళ్ళాంతో కూడా చెప్పడు. అది తప్పా? తప్పయితే ఎవరి పట్ల తప్పు?

విశ్వాసం అంటే ముందు దేనిమీదో తేల్చుకోవాలి గదా. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. కాడి మోస్తున్న జోడెద్దుల బొమ్మ అంటించిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవారు. మెట్ట సేద్యం చేసేవాడికి ఎద్దుల్ని చూపించి వోటడిగితే ఎలా కాదంటాడు! 1969లో కాంగ్రెసు చీలింది. 1971 ఎన్నికలకి ఇందిరాగాంధీ పక్షం ఆవూదూడతో వచ్చింది. 1978లో మళ్ళీ చీలింది, ఈసారి హస్తం. ఆ ఏడు శాసనసభ ఎన్నికల్లో రెండు కాంగ్రెసులు ఎదురుబొదురుగా నిలబడితే, "మేం కాంగ్రెసే" అన్నవాణ్ణి "ఏ కాంగ్రెసు?" అని అడగాల్సి వచ్చింది. ఈలోగా రాష్ట్రం 1953లో ఒకసారి, 1956లో ఒకసారి మారింది. 1970లో కొత్త జిల్లా ఏర్పడి ఈ ఊళ్ళు కర్నూలు నుంచి ఒంగోలు కిందికి వెళ్ళాయి. పాపం ఆ మనిషి ఉన్నచోటనే ఉన్నాడు. కింద పీటలు మారుతూ వచ్చాయి.

ఆ జిల్లాకి 1972లో ఎవరి పేరు పెట్టారో చూడండి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు కాంగ్రెసు మనిషి కారని ఎవరనగలరు? అంతటి ఆయన 1951లో కాంగ్రెసు వదిలి ప్రజాపార్టీలోకి వెళ్ళారు. తిరిగి 1953 అక్టోబరు 1న కాంగ్రెసు మద్దతుతోనే ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అవతల ఇంగ్లండులో చర్చిల్ 1904లో కన్సర్వేటివుల మధ్య నుంచి లేచి లిబరల్సు వైపు వెళ్ళి కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళకి మళ్ళీ పాతగూటికి చేరాడు. వాళ్ళ జీవితచరిత్రల్లో ఇవి ఒక్కొక్క అధ్యాయం. నాయకుడు గీత దాటితే చరిత్ర అవుతుంది, వోటరు దాటితే విశ్వాసఘాతుకం అవుతుంది! ఇదెక్కడి న్యాయమో నాకు బోధపడదు.

మన వైపు వోటరు అంత తేలిగ్గా దాటేవాడు కూడా కాదు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయింది. రాయబరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసు చేతిలో పెట్టింది. తప్పిపోయిన ఆ ఒక్కటీ గిద్దలూరుకి నల్లమల అవతలి పొరుగూరు నంద్యాల. అక్కడ జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. దేశమంతా గోడ దూకిన రోజున దూకనివాళ్ళు మనవాళ్ళు.

అలాంటి రాష్ట్రం ఆరేళ్ళు తిరక్కుండా ఏం చేసింది? 1982 మార్చి 29న రామారావు తెలుగుదేశం పెట్టారు. 1983 జనవరి 5న వోట్లు పడ్డాయి. 294 స్థానాల శాసనసభలో కొత్త పార్టీకి 200 పైన, కాంగ్రెసుకి 60. సైకిలు గుర్తుకి వోటేసిన వాళ్ళంతా ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. నిన్నటి హస్తం, మొన్నటి ఆవూదూడ, అటుమొన్నటి జోడెద్దులే అందులో చాలాభాగం.

ఇదంతా సినిమా మోజు అని అప్పట్లో చాలామంది పట్నపు మేధావులు తేల్చేశారు. రాముడికీ కృష్ణుడికీ దణ్ణం పెట్టుకుని వోటేసి వచ్చారట. కొంత ఉండవచ్చు, కాదనను. అయితే జన్మలో సినిమా చూడనివాళ్ళు, చూసినా నిద్రపోయేవాళ్ళు కూడా ఆ ఏడు మారారు. వాళ్ళ మాటేమిటి? 1978 నుంచి 1983 లోపల నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఒక్కరి పేరు నోటికి అలవాటయ్యేలోగా ఢిల్లీ నుంచి మరో పేరు దిగేది. 1982లో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకి జరిగిన అవమానం పత్రికలు చదవని వాళ్ళ దాకా కూడా వెళ్ళింది. ఆత్మగౌరవం అనే మాట రామారావు ప్రచారం కోసం పుట్టించినది కాదు, అప్పటికే జనం గొంతులో అడ్డంపడి ఉంది.

తర్లుపాడు వైపు నేనెరిగిన పెద్దాయన ఒకరుండేవారు. ఇప్పుడు లేరు. 1952 నుంచీ కాంగ్రెసు. వోట్ల లెక్కింపు జరిగే రోజు రేడియో చుట్టూ కూచున్న కాంగ్రెసు వాళ్ళ మధ్యే ఆయనా కూచున్నారు. ఒక్కొక్క ఫలితం వస్తుంటే ఆయన మొహం కూడా వాళ్ళ మొహాల్లాగే మాడిపోయింది. సాయంత్రం తమ్ముడి కొడుకు పట్టుకున్నాడు.

"ఏంది పెద్దనాయనా, నువ్వు గూడా సైకిలుకే వేసినావంట గదా?"

"వేసినా. అయితే ఏంది?"

"మరి మనోళ్ళు ఓడిపోయిరని ఈ దిగులేంది?"

"మనోళ్ళు గాబట్టే దిగులురా అబ్బయ్యా. కొడుకు పేకాటకి పోతాండాడని తెలిసినాక చేతికి డబ్బులియ్యడం ఆపుతాం. ఆపినంత మాత్రాన కొడుకు గాకుండా పోతాడా? వాడు దిగాలుగా కూచుంటే మనకి అన్నం దిగుతాదా?"

ఈ మాటకి జవాబు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, దొరకలేదు. ఓడించిన చేత్తోనే ఓడినవాణ్ణి 'మనోళ్ళు' అనగలగడం ద్రోహి వల్ల అయ్యే పని కాదు.

మన భాషలో ఒక చిక్కుంది. విశ్వాసం మాట రాగానే ఉప్పు మాట వస్తుంది. 'ఉప్పు తిన్న యిల్లు' అంటాం. ఇక్కడ ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు? వోటరు పార్టీ ఉప్పు తిన్నాడా, పార్టీ వోటరు ఉప్పు తిన్నదా? జెండాలు కట్టింది, బండ్లు తోలింది, ఏజెంటుగా పొద్దున్నించి సాయంత్రం దాకా బల్ల మీద కూచుంది, కూలి పోగొట్టుకుని వరసలో నిలబడింది వోటరు. గెలిచి హైదరాబాదు వెళ్ళింది వేరొకరు. విశ్వాసం బాకీ ఉంటే గింటే అటు నుంచి ఇటు రావాలి. మనమేమో తిండి పెట్టిన వాణ్ణే ఉప్పు తిని ద్రోహం చేశాడంటున్నాం.

గెలిచినవాడు పార్టీ మారితే సభ్యత్వం పోయేలా 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. వోటరుకి అలాంటి చట్టం లేదు. అది ఆదమరిచి వదిలేసింది కాదు. శాసనసభ్యుడి చేతిలో ఉన్నది ఇతరుల సొమ్ము. ఇచ్చినవాళ్ళని అడక్కుండా దాన్ని వేరేచోట పెట్టడానికి వీల్లేదు. వోటరు చేతిలో ఉన్నది తన సొంతం. అయిదేళ్ళకోసారి కొత్తగా చేతికొస్తుంది, కిందటిసారి ఇచ్చినదాన్ని బట్టి ఈసారి ఇవ్వాలనే పత్రమేదీ ఆయన రాసివ్వలేదు.

పెరటిచెట్టు మందుకి పనికిరాదని సామెత. ఎప్పటికీ మనదే అనుకున్న ఇల్లు నాయకుడికి పెరటిచెట్టే. అభ్యర్థి జీపు ఆ వీధిలో ఆగదు. ఎటూ తేలని ఇళ్ళ దగ్గర ఆగుతుంది, మంచినీళ్ళు అడిగి తాగుతుంది, పిల్లల పేర్లు కనుక్కుంటుంది. నలభై ఏళ్ళ విశ్వాసానికి దక్కేది, దాటిపోయే జీపులోంచి ఒక నమస్కారం.

అలాగని దాటినవాళ్ళందరికీ వీరతాళ్ళు వెయ్యమని నా మతం కాదు. భారతంలో ఇద్దరు దాటారు. పాండవుల మేనమామ శల్యుడు సైన్యంతో వస్తుంటే దారి పొడవునా విడిది, విందు ఏర్పాటు చేశారు. ధర్మరాజు చేయించాడనుకుని ఆయన సంతోషంగా తిన్నాడు, ఏం కావాలో కోరుకోమన్నాడు. తీరా చూస్తే విందు దుర్యోధనుడిది! మాట ఇచ్చేశాడు గనక అటే నిలబడాల్సి వచ్చింది. ఎన్నికల ముందు రాత్రి మన ఊళ్ళల్లో పొట్లాలూ సీసాలూ పంచుతుంటే నాకు శల్యుడే గుర్తుకొస్తాడు. రెండోవాడు యుయుత్సుడు, ధృతరాష్ట్రుడి కొడుకే. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు, మా వైపు రాదలచినవాళ్ళు రావచ్చునన్నప్పుడు అందరూ చూస్తుండగా నడిచి వచ్చాడు. తిన్నదీ లేదు, పుచ్చుకున్నదీ లేదు. ఎదుట ఉన్నది నూరుగురు అన్నదమ్ములు. ఇంతా చేస్తే ఆయన పేరు ఎవరూ పిల్లలకి పెట్టుకోరు. ఓడే పక్షాన ఉండి చచ్చిపోయిన కర్ణుడి పేరు మాత్రం హాయిగా పెట్టుకుంటాం. మనకి నిలబడి పడిపోయేవాడంటే ఉన్న ముచ్చట లేచి నడిచేవాడంటే లేదు.

నిలబడేవాళ్ళ పక్షాన కూడా ఒక మాట ఉంది, దాచకూడదు. ఓడిపోయేచోట ఎవరూ మిగలకపోతే పార్టీ అనేదే ఉండదు, వచ్చేసారి దాటడానికి అవతలి ఒడ్డే ఉండదు. రాష్ట్రం విడిపోయాక 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభకి కాంగ్రెసు నుంచి ఒక్కరూ వెళ్ళలేదు. అయినా హస్తానికి వోటేసి వచ్చిన ముసలివాళ్ళు ఉన్నారు. వాళ్ళని నేను మూర్ఖులనలేను. వాళ్ళ వోటుని కొనడానికి ఎవరూ రాలేదు, అక్కర్లేదు గనక.

మిగిలిన కాంగ్రెసిళ్ళలో ఎక్కువభాగం 2011లో పుట్టిన వైఎస్సార్ కాంగ్రెసు వైపు జరిగాయి. "మేం మారలేదు, పేరు మారింది" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. గిద్దలూరులో ఏం జరిగిందో వినండి. 2014లో ముత్తుముల అశోక్‌రెడ్డి వైఎస్సార్ కాంగ్రెసు, అన్నా రాంబాబు తెలుగుదేశం. అశోక్‌రెడ్డి గెలిచారు. 2019కి వచ్చేసరికి రాంబాబు వైఎస్సార్ కాంగ్రెసు, అశోక్‌రెడ్డి తెలుగుదేశం! మనుషులు ఆ ఇద్దరే, కండువాలు అటువి ఇటు, ఇటువి అటు. రాంబాబు అంతకు ముందు 2009లో ప్రజారాజ్యం నుంచి గెలిచారు కూడా. ఇందులో ఎవర్నీ ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు, రాజకీయాల్లో వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. నా బాధల్లా మధ్యనున్న వోటరు గురించి. పార్టీని అంటిపెట్టుకుంటే మనిషిని వదలాలి, మనిషిని అంటిపెట్టుకుంటే పార్టీని వదలాలి. కదలకుండా ఉందామన్నా ఏదో ఒకటి దాటక తప్పని స్థితి. 2019లో అక్కడ ఏ వోటరు విశ్వాసంగా ఉన్నట్టు, ఏ వోటరు లేనట్టు?

ఇంతకీ ఆ వోటు మొదట దేనికోసం పుట్టింది? ఈ ప్రాంతంలో వోటడగడానికి వచ్చిన ప్రతివాడూ నీళ్ళ మాట ఎత్తాడు. బోర్లు వందల అడుగులు దిగినా తడి తగలని ఊళ్ళున్నాయి, తగిలిన చోట ఫ్లోరైడు. శ్రీశైలం నీళ్ళని నల్లమల కింద సొరంగాల్లోంచి తెచ్చే వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన చేశారు. దానికి ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. సొరంగాలు రెండు, ఒక్కొక్కటీ 18 కిలోమీటర్ల పైచిలుకు. మొదటిదాని తవ్వకం 2021లో, రెండోదాని తవ్వకం 2024లో పూర్తయ్యాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్ల అప్పటికి తన పిల్లని బడికి పంపుతూ ఉంటుంది. ఈ మధ్యకాలంలో తెలుగుదేశం వచ్చింది, కాంగ్రెసు వచ్చింది, మళ్ళీ తెలుగుదేశం, ఆ తరవాత వైఎస్సార్ కాంగ్రెసు, మళ్ళీ తెలుగుదేశం. అందరూ సొరంగం దగ్గరికి వెళ్ళి వచ్చారు. నీళ్ళనే అంటిపెట్టుకున్న వోటరు ఎన్ని పార్టీలు మారినా ఒక్క అంగుళం కూడా కదలనట్టే లెక్క.

2019లో గిద్దలూరులో మెజారిటీ 81,035. రాష్ట్రంలో పులివెందుల తరవాత అంతటిది లేదు. ఇక ఇది కంచుకోట అన్నారు. 2024లో అదే గిద్దలూరులో తెలుగుదేశం నుంచి అశోక్‌రెడ్డి గెలిచారు, 973 వోట్ల తేడాతో. ఇటు వేసినవాళ్ళలో 487 మంది అటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. కంభం సంతలో ఒక పక్కన నిలబడితే అంతమంది కనిపిస్తారు. వాళ్ళలో ఎన్నాళ్ళ అలవాటునో వదులుకుని వచ్చినవాళ్ళెవరో, పొట్లం పుచ్చుకుని వచ్చినవాళ్ళెవరో లెక్కించే యంత్రానికి తెలియదు. వాళ్ళ పెళ్ళాలకీ తెలియదేమో.