మూడు సీసాల నీళ్లు

నాందేడ్‌లో మే నెల. బడులకు సెలవులు. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక సారు తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కొందరిని పోగుచేసి గోదావరి ఒడ్డున వేసవి శిబిరం పెట్టాడు. నది శాస్త్రం, నాయకత్వం నేర్పుతానని తల్లిదండ్రులకు చెప్పాడు. శాస్త్రం నేర్పుతూనే ఉన్నాడు గానీ నాయకత్వం గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. చివరి రోజు ఒక పెద్ద ఆఫీసరు వస్తాడని, ఆయన ముందు మాట్లాడే నాయకుణ్ణి ఆలోపు ఎంపిక చేస్తానని మాత్రం అన్నాడు.

ఆయన నేర్పిన పరీక్ష పాతదే. 1888లో వింక్లర్ అనే హంగరీ శాస్త్రవేత్త ఇచ్చినది. బుడగ లేకుండా సీసా నిండా నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేసి మూత బిగించాలి. నీళ్లలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది. ఆ రంగు చూస్తే అక్కడ చేప బతుకుతుందో లేదో స్థూలంగా తెలుస్తుంది.

"మన గోదావరి ఎట్లా ఉందో చెప్పే ఒక్క సీసా తెండి" అని సారు పిల్లల్ని మూడు జట్లుగా పంపాడు.

క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లాడి జట్టు ఊరికి ఎగువన ఉన్న విష్ణుపురి జలాశయానికి పోయింది. సీసాలో చక్కటి గోధుమరంగు మడ్డి. పిల్లాడు దానికి రంగురంగుల చార్టు కూడా కట్టాడు.

రెండో జట్టు మిట్టమధ్యాహ్నం ఒక ఘాట్ మెట్ల కింద, నీళ్లు పచ్చగా ఉన్నచోట పట్టింది. వాళ్ల మడ్డి ఇంకా చిక్కగా వచ్చింది. మాదే గొప్ప నది అని గంతులేశారు. సారు నవ్వి, "రేపు తెల్లవారకముందు అక్కడే పట్టండి" అన్నాడు. మర్నాటి సీసాలో మడ్డి వెలవెలబోయింది. ఎండలో నాచు ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా తానే పీల్చేస్తుంది. ఎండపొద్దు చూసి నదికి మార్కులేస్తే ఇట్లాగే మోసపోతాం.

మూడో జట్టులో మగ్గం నేసే తెలుగువాళ్లింటి పిల్ల ఉంది. ఊరి మురుగు నాలా నదిలో కలిసేచోటికి కాస్త దిగువన, చీకటితోనే పోయి, ముక్కుకు చున్నీ కట్టుకుని పట్టుకొచ్చింది. ఆమె సీసాలో మడ్డి పాలలా తెల్లగా ఉంది.

అక్కడ మొదలైంది గొడవ. "ఆఫీసరు ముందు ఇది పెడితే ఊరి పరువేం గాను?" అని ఫస్టు పిల్లాడు. "నీదే దొంగ సీసా" అని ఆ పిల్ల. "నాది దొంగదెట్లా అవుతుంది? విష్ణుపురిలో నీళ్లు అట్లాగే ఉన్నాయి, కావాలంటే పోయి చూసుకో" అని వాడు. నిజానికి ఇద్దరూ అబద్ధమాడలేదు. సారు కలగజేసుకోలేదు.

ఆ మధ్యాహ్నం పిల్లకు సద్ది తీసుకుని అమ్మమ్మ వచ్చింది. ఆమెది నదికి దిగువనున్న బాసర. ఎండాకాలం కూతురింటికి వచ్చి ఉంటోంది. బల్ల మీది సీసాలు చూసి, "సారూ, గీ మూడిట్ల మా ఊరికి వచ్చేటియి ఏ నీళ్లు?" అని అడిగింది.

"ఇప్పుడైతే ఏవీ రావమ్మా" అన్నాడు సారు. "కింద ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బ్యారేజీ గేట్లు దించి ఉంటాయి. జూలై 1న గేట్లు లేస్తాయి. అప్పుడు మూడూ కలిసే వస్తాయి."

"అట్లనా! నా మనుమరాలికి మా సరస్వతమ్మ గుళ్లెనే అక్షరాలు దిద్దిపిచ్చినం. ముందుగాల గంగల ముంచి తీసినం. అంటే గీ నీళ్లల్లనేనా?"

సారు ఆ మాటను మరాఠీలో చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఫస్టు పిల్లాడు లేచి, "రేపు తెల్లవారుజామున నాలా దగ్గరికి నన్ను పంపండి సార్" అన్నాడు.

"నువ్వొచ్చినా రాకున్నా నీ సీసా మాత్రం కావాలె" అంది ఆ పిల్ల. "నాదొక్కటే చూపిస్తే ఆఫీసరు ఏమంటడు? గీ మురికి నాసిక్ నుంచి వచ్చింది, పైఠణ్ నుంచి వచ్చింది అంటడు. ఊళ్లోకి వచ్చేటప్పుడు మంచిగుంది, ఊరు దాటినంక చెడింది అనాలంటే రెండూ పక్కపక్కన పెట్టాలె."

ఆ సాయంత్రం సారు తన పుస్తకంలో నాయకుడి పేరుకు వదిలిన గీత మీద ఇద్దరి పేర్లూ రాశాడు. నాయకత్వం మీద ఆయన చెప్పిన పాఠం అంతే.

నీతి: ఎగువ నుంచి తనకు వచ్చే నీళ్లను మాత్రమే కొలిచేవాడు ఫిర్యాదుదారు. తన ఊరు దిగువకు పంపే నీళ్లను కూడా కొలిచేవాడు నాయకుడు.

కథ కల్పితం. నాందేడ్ ఉన్న చోటు మాత్రం కల్పితం కాదు. త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి మీద ఈ ఊరు పైవాళ్లకు దిగువ, కిందివాళ్లకు ఎగువ. పైఠణ్‌లోని జాయక్‌వాడీకి నాసిక్, అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) వైపు నుంచి నీళ్లు వదలడం లేదని మరాఠ్వాడా కొట్లాడుతుంది. బాబ్లీ కట్టి పోచంపాడు ఆయకట్టుకు వచ్చే నీళ్లు ఆపారని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. ఎన్ని టీఎంసీలో తేల్చారు గానీ ఎలాంటి నీళ్లో ఆ తీర్పులో లేదు. ఆ లెక్క ఎవరో ఒకరు పట్టాలి. పిల్లలు ఎందుకు పట్టకూడదు?

పట్టిన పిల్లలు ఉన్నారు కూడా. 1984లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో హ్యూరాన్ నదిలో ఆటలాడిన హైస్కూలు పిల్లలకు హెపటైటిస్ సోకింది. వాళ్ల టీచరు మిచిగన్ విశ్వవిద్యాలయంలోని విలియం స్టాప్‌ను పిలిపించుకుంటే, పిల్లలే నీళ్లు పరీక్షించి లోపం ఊరి వాననీటి కాలువల్లో ఉందని పట్టుకున్నారు. తప్పు ఎగువ ఊరి మీద నెట్టకుండా సొంత ఊళ్లోనే వెతికారన్నది నాకు నచ్చిన సంగతి. మన దగ్గర మహారాష్ట్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 2న సేవాగ్రామ్ నుంచి "చలా జాణూయా నదీలా", అంటే నదిని తెలుసుకుందాం రండి, అని నదీయాత్రలు మొదలుపెట్టింది. మంచి పనే. అయితే యాత్రలో నడిచినవాళ్లు చేతిలో జెండాతో పాటు ఒక సీసా కూడా పట్టుకోవాలి.

స్నానానికి పనికొచ్చే నది నీళ్లలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని మన దేశపు ప్రమాణం. నాందేడ్‌లోనూ బాసరలోనూ సైన్సు చెప్పే టీచర్లకు ఒక మనవి: ఈ వేసవిలో ఒకే రోజు, తెల్లవారుజామునే, మీ మీ ఊళ్లకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పిల్లలతో పట్టించండి. వచ్చిన లెక్కలు ముందు మీ ఊరి మునిసిపాలిటీకో పంచాయతీకో పంపండి. పక్క రాష్ట్రానికి తర్వాత పంపవచ్చు.