ఎనిమిదవ నాటి దాసోహము



పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు లోకమునకు అందించిన ధర్మము రెండు మాటలలో ఇమిడియున్నది: కాయకము, దాసోహము. ఒళ్లు వంచి సత్యముగా చేయు పని కాయకము. దాని ఫలమును వినయముతో సమాజమునకు అర్పించుట దాసోహము. ఆ ఫలము ధనమే కానక్కరలేదు. చదువుకొనుచున్న యువకుని చేత ధనముండదు. విద్య యుండును, సమయముండును. అతడు చేయదగినది అక్షర దాసోహము.

1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ప్రారంభమైనది. ఇందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. దత్తత గ్రామమున ఏడు దినముల ప్రత్యేక శిబిరమును ఇందొక భాగము.

గూడూరు వంటి పట్టణమున చదువు విద్యార్థి ఇట్టి సేవకై దూరము పోనక్కరలేదు. ఆ ప్రాంతపు పల్లెల శివారులలో యానాదుల పేటలున్నవి. పరాయి పాలనలో వీరిపై నేరస్థ జాతి యను ముద్ర వేసిరి. ఆ చట్టము 1952లో రద్దైనది. వెన్నెలకంటి రాఘవయ్య (1897–1981) వీరి అభ్యుదయమునకై జీవితమును ధారపోసెను. చట్టము పోయినను పేదరికము పోలేదు. తల్లిదండ్రులు చేపల వేటకో, రొయ్యల గుంటల కాపలాకో, కోతలకో తరలునప్పుడు పిల్లలును వెంట పోదురు. హాజరు పట్టీలో పేరుండును. బడిలో బిడ్డ యుండడు.

అట్టి పేటలో విద్యార్థులు శిబిరము పెట్టిరనుకొనుడు. వీధులూడ్తురు, పిల్లలకు తల దువ్వుదురు, ఆటలాడింతురు, పలకపై ఓనమాలు దిద్దింతురు. ఏడవ నాడు సభ, పూలదండలు, ఛాయాచిత్రము. ఎనిమిదవ నాటి ఉదయమున ఆ బిడ్డ పలక పట్టుకొని అదే చెట్టు క్రింద కూర్చుండును. ఎవరు వత్తురు? ఆ సేవకు గీటురాయి ఈ ప్రశ్నయే.

ఏడు దినములలో అక్షరములు పరిచయమగునే గాని చదువు రాదు. కాని 240 గంటలను రెండేండ్లకు పంచిన నెలకు పది గంటలు వచ్చును. పదిమంది విద్యార్థులు వంతులు వేసికొనిన నెలకు నూరు గంటలు. అనగా ప్రతి సాయంకాలము మూడు గంటలసేపు ఎవరో ఒకరు ఆ పిల్లల చెంత నుందురు. శిబిరము విత్తనము చల్లుట. నీరు పోయునవి ఈ వంతులే. ఇష్టలింగమును ఏడాదికొక వారము పూజించి తక్కిన దినములు ఊరకుండు శరణుడు కలడా?

శరణ చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య కథ ప్రసిద్ధము. రాలిన బియ్యపు గింజలు ఏరుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యావసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. సేవకునకు లభించు పొగడ్తయు అట్టిదే. చేసిన పనికి మించిన పేరు ఇంటికి వచ్చినచో తిరిగి ఇచ్చివేయవలెను. లేనిచో ఆ బిడ్డ పేదరికము వీని కీర్తికి మెట్టగును.

తాను దాత, బిడ్డ యాచకుడు అను తలపు దాసోహము కాదు. చాకలి మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య శరణుల గోష్ఠిలో సమానాసనమున కూర్చుండిరి. విద్యార్థియు అదే చాపపై కూర్చుండవలెను, అదే అన్నము తినవలెను. వాగులో చేప పోకడ, అడవిలో మందుమొక్క గుర్తు యానాదులకు వంశపారంపర్యముగ వచ్చిన విద్య. నేర్పవచ్చినవాడు నేర్చుకొనియు పోవలెను.

తుమకూరు చెంత సిద్ధగంగా మఠమున శివకుమార స్వామీజీ (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును కులమత భేదము లేక వేలాది పేద బిడ్డలకు దశాబ్దముల తరబడి నడపిరి. అది వారపు శిబిరము కాదు, నిత్యవ్రతము.

కావున శరణ కుటుంబములు తమ కుమారులను, కుమార్తెలను ఈ వంతులకు పంపుదురు గాక. పరీక్షల దినములలో వారు రాలేనిచో ఇంటి పెద్దలు ఆ వంతు తీసికొందురు గాక. మఠములు సాయంకాలము ఒక గదిని, ఒక దీపమును ఒసగుగాక. ఎనిమిదవ నాడు చెట్టు క్రింద ఎదురుచూచు బిడ్డయే వాకిట నిలిచిన జంగమము. జంగమమును వేచియుండనిచ్చుట శరణధర్మము కాదు.